పాట తగ్గిందన్న అన్నయ్య

లారీలు ఆగే మైదానం చివర, టైర్ల కొట్టుకీ టీ బడ్డీకీ మధ్య ఇరుక్కుని ఉండేది ఆమె షెడ్డు. డ్రైవర్లందరూ ఆమెని కరెంటక్క అనేవారు. అసలు పేరు ఎవరైనా అడిగితే ఆమె కూడా ఒక క్షణం తడుముకునేది.

లారీల వైరింగు పని వాళ్ళ నాన్నది. ఆయన పోయాక అన్నయ్య స్టీరింగు పట్టుకుని వెళ్ళిపోయాడు, షెడ్డు తాళంచెవి ఆమె చేతికొచ్చింది. ఆడపిల్ల లారీ కింద దూరడమేమిటని బంధువులు బుగ్గలు నొక్కుకుంటే, "దూరేది నా చెల్లెలు, నడుం నొప్పి మీకెందుకు?" అని అడ్డంగా నిలబడ్డాడు అన్నయ్య. కొత్తలో ఆమె దగ్గరికి ఎవరూ రాకపోతే తన బండి బాగున్నా బాగోలేదని చెప్పి తెచ్చి నిలబెట్టేవాడు. వెనకాలే ఇంకో ఇద్దరు డ్రైవర్లని లాక్కొచ్చేవాడు. అలా నిలదొక్కుకుంది ఆమె పని.

అన్నయ్యకి పాటలు లేకపోతే చక్రం కదలదు. పాత లారీలో మొదట చిన్న టేప్ రికార్డరు పెట్టించాడు, తర్వాత పెద్ద స్పీకర్లు, ఆ తర్వాత సీటు వెనక బేస్ పెట్టెలు. ప్రతిదీ బిగించింది ఆమే. ఓనరు కొత్త లారీ కొని తాళాలు చేతికిచ్చిన వారంలోనే, ఒక మనిషి మోయలేనంత యాంప్లిఫయరూ రెండు బేస్ పెట్టెలూ వేరే ఊళ్ళో పెట్టించుకుని వచ్చాడు.

"ఇంత గోల ఎందుకన్నయ్యా?" అంది ఆమె.

"గోల కాదు చెల్లీ, తోడు," అన్నాడు.

కొన్నాళ్ళకే ఆ తోడు మొరాయించింది. పాట ఊపందుకుంటే ముందు లైట్లు రెప్పలు కొట్టేవి, బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగేది, పొద్దున్నే బండి స్టార్టయ్యేది కాదు. దారిలో ఒకడు బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటరుని, అదే డ్రైవర్లు డైనమో అనేదాన్ని, మార్చాడు, ఇంకొకడు రెండు బ్యాటరీలూ మార్చాడు. రోగం ఒకటి, మందు ఇంకొకటి. చివరికి బండి ఆమె షెడ్డుకే వచ్చింది.

ఆమె బ్యాటరీ మీద మీటరు పెట్టి చూసింది. స్టార్టు చేయగానే, ఉండాల్సినట్టే ఇరవై ఎనిమిది వోల్టులు. కాసేపటికి ఇరవై అయిదుకి దిగి అక్కడే కూర్చుంది. పాట పెడితే ఇంకా కిందికి జారింది.

"చూశావా, డైనమో చచ్చింది," అన్నాడు అన్నయ్య.

"అది చావలేదు, దాన్ని పడుకోమన్నారు. నీ పాత బండిలో ఆల్టర్నేటరు అమ్మలాంటిది, కడుపు నిండినా ఇంకో ముద్ద పెట్టేది. ఈ కొత్త బండిలో కంప్యూటరు సవతితల్లి. బ్యాటరీ నిండిందనిపిస్తే డీజిలు దండగని వడ్డన ఆపేస్తుంది."

"మరి నా పాటలు ఎవరు తింటున్నట్టు?"

"అదే చూస్తున్నా."

కనిపెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. బ్యాటరీ మైనస్ కొసకి వేలెడంత సెన్సర్ ఉంది. లోపలికి ఎంత వస్తోంది, బయటికి ఎంత పోతోంది అని లెక్క చూసి కంప్యూటరుకి చెప్పేది అదే. యాంప్లిఫయరు పెట్టినవాడు ఎర్తు వైరుని ఆ సెన్సర్ దాటేసి నేరుగా బ్యాటరీ కొసకే కట్టాడు. దొడ్డిదారిన ఇంత కరెంటు పోతున్నా కాపలావాడికి తెలియడం లేదు. బ్యాటరీ ఎండిపోతున్నా, నిండుగా ఉందనే అనుకుంటోంది కంప్యూటరు. ఆమె ఆ వైరు విప్పి, బండి ఇనప చట్రం మీద రంగు గీకి అక్కడ బిగించింది. ఇప్పుడు పాట మోగితే సెన్సర్‌కి తెలుస్తోంది, వోల్టేజీ లేచి నిలబడుతోంది. లైట్లు రెప్ప వెయ్యలేదు. అన్నయ్య నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అయితే మళ్ళీ లోడుతో ఇటు వచ్చినప్పుడు షెడ్డుకి తిరిగొచ్చాడు.

"పాట తగ్గిపోయింది చెల్లీ. వోల్టేజీ పడిపోతోంది."

ఆమె చూసింది. ఏదీ పడిపోలేదు. ఆ మాటే చెప్పింది. నమ్మలేదు. ఆ తర్వాతి సారి కూడా అదే మాట. "నీ మీటరు ముసల్దయింది" అని విసుక్కున్నాడు. ఎవడో ఒకడు కంప్యూటరుకి అబద్ధం చెప్పే చిన్న డబ్బా అమ్ముతున్నాడట, బ్యాటరీ ఎప్పుడూ ఖాళీగానే ఉందని నమ్మించి ఆల్టర్నేటరుని ఏకబిగిన తోలిస్తుందట.

"వద్దన్నయ్యా. కడుపు నిండినవాడి నోట్లో కుక్కితే ఏమవుతుంది? బ్యాటరీ ఉడికిపోతుంది."

విని ఊరుకున్నాడనుకుంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం లారీ వచ్చి ఆగింది. తలుపు తీయకముందే కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొట్టింది. రెండు బ్యాటరీలూ పొట్టలు ఉబ్బి ఉన్నాయి, బ్యాటరీల పెట్టె చుట్టూ యాసిడ్ పొంగి ఇనుము తెల్లబారింది. నిప్పురవ్వ పడి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. ఆమె ఆ డబ్బా పీకి అవతల పారేసింది, వేరే బ్యాటరీలు పెట్టింది, క్యాబిన్ ఎక్కి పక్క సీట్లో కూర్చుంది.

"పెట్టు నీ పాట. ఎక్కడ తగ్గిందో నేనూ వింటా."

పెట్టాడు. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. గుండెల మీద ఎవరో గుద్దుతున్నట్టుంది. అద్దాలు గలగల్లాడుతున్నాయి. టీ బడ్డీ ముందు జనం ఇటే తిరిగి చూస్తున్నారు. అన్నయ్య మాత్రం మెడ చాచి, దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నవాడిలా కూర్చున్నాడు.

"చూశావా, ఎంత సన్నగా వస్తోందో?" అన్నాడు.

ఆమె చటుక్కున పాట కట్టేసింది. కోపం ఆగలేదు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో!"

అందరూ అనే మాటే, నోటికొచ్చి అనేసింది. కానీ ఆమె పెదవుల వంకే చూస్తున్న అన్నయ్య మొహం ఒక్కసారిగా వాడిపోయింది. తల అటు తిప్పేసుకుని కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు.

ఆమె అతని తల వెనకవైపే చూసింది. తర్వాత మామూలు గొంతుతో, అన్నం తినడానికి పిలిచినట్టు పిలిచింది.

"అన్నయ్యా."

కదల్లేదు.

"అన్నయ్యా, నిన్నే."

వాన చూస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆమె వదినకి ఫోన్ చేసింది. "ఇంట్లో దేనికీ జవాబివ్వడమ్మా. ఫోనులో అరుస్తాడు. నా మీద కోపమనుకున్నా," అంది వదిన. "ఏడాదిగా నేనూ మాట్లాడటం మానేశాను." ఆ మాటతోనే ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున ఆమె అన్నయ్య ఎదురుగా కూర్చుని, అతనికి కనిపించేలా నెమ్మదిగా అడిగింది. "నీకు ముందే తెలుసా?"

అతను గ్లాసులో టీ తిప్పాడు. "తెలిసీ తెలియనట్టు ఉండేది," అన్నాడు. "లైట్లు మిణుకుమన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది చెల్లీ. హమ్మయ్య, తప్పు బండిదే అనుకున్నా. నువ్వు బాగుచేశాక కూడా పాట రాలేదు. ఇంకా ఏదో వైరు మిగిలే ఉంటుందని..."

"హారన్లు వినిపిస్తున్నాయా?"

అతను గ్లాసు కింద పెట్టి చూపు తిప్పుకున్నాడు.

"అన్నయ్యా, నిన్ను అడుగుతున్నా."

"పోయిన నెల ఒక మోటారు సైకిలు," అన్నాడు. "పక్కనుంచి వస్తోంది, హారన్ కొడుతూనే ఉన్నాడట. నేను అటే ఒత్తుకుంటూ పోయాను. మట్టిలో పడ్డాడు. మోచేతులు చీరుకుపోయాయి. వెనక సీట్లో చిన్నపిల్ల ఉంది."

"పిల్లకి?"

"ఏమీ కాలేదు."

డాక్టరుకి చూపించుకుందామంది, బండి దిగమంది, లేదంటే ఓనరుకి చెప్పాల్సొస్తుందంది. ఈ లోడు దింపి వచ్చాక అన్నాడు. ఆ లోడు దింపాడు, ఇంకోటి ఎత్తుకున్నాడు, ఇటు రావడం మానేశాడు. ఆమె ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. వినపడక ఎత్తలేదో, చూసి ఎత్తలేదో.

ఇనప స్టూలు మీద కూర్చుని ఆమె ఎంతో ఆలోచించింది. తన పని తనకిచ్చిన మనిషి పని తాను తీసేయాలి. సీటు వెనక పెట్టెలు బిగించిన చేతులూ తనవే. పాత లారీలో పాట చాలడం లేదన్నప్పుడల్లా సంతోషంగా పెంచింది. మట్టిలో పడ్డ ఆ పిల్ల, మొహం తెలియకపోయినా కళ్ళ ముందునుంచి కదలడం లేదు. చివరికి ఓనరుకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన చెడ్డమనిషి కాదు. అన్నయ్య చెవులు పరీక్ష చేయించాడు. ఫలితం వచ్చిన రోజే తాళాలు తీసేసుకున్నాడు.

అన్నయ్య ఒక్కసారే వచ్చాడు. షెడ్డు గడప దాటలేదు.

"నాతో చెప్పి చేసుండాల్సింది."

"చెప్పానన్నయ్యా."

"నాకు వినపడలేదు," అని వెళ్ళిపోయాడు. నిజంగానే అన్నాడో, దెప్పాడో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

చెవికి మిషను పెట్టారు. మాటలు కొంత అందుతాయి గానీ, పాట పెడితే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుంటుందన్నాడట. గోదాములో సరుకు మీద టార్పాలిన్లు కట్టే పనిలో చేరాడు. ఆ లారీని తెచ్చుకున్న కొత్త డ్రైవరు పెట్టెలన్నీ తీసేయమన్నాడు. ఆమె తీసేసింది. తీసినవి ఎవరికో అమ్మేశాడు, ఎవరికని ఆమె అడగలేదు.

ఏడాది గడిచాక వదిన బలవంతం మీద అన్నయ్య అప్పుడప్పుడూ మధ్యాహ్నం టిఫిన్ క్యారియరుతో షెడ్డుకి వస్తున్నాడు. స్టూలు అతనికిచ్చి ఆమె టైరు మీద కూర్చుంటుంది. వాళ్ళ మధ్య ఉన్న మాట గట్టిగా అరిచి చెప్పుకోవాలి, అలా అరిస్తే మైదానమంతా వింటుంది. అందుకని ఇద్దరూ తలలు వంచుకుని తింటారు. తిన్నాక అతను చెయ్యి కడుక్కుని, "వస్తా" అని అవసరం కంటే గట్టిగా చెప్పి గోదాముకి వెళ్ళిపోతాడు.