రెండు గంజిచీరల సేపు

ప్రొద్దుటూరు బస్టాండు వెనక సందులో నాకొక ఇస్త్రీబండి ఉంది. బండి వెనకే రేకుల గది, నా కాపురం. బస్టాండ్లలోనూ లాడ్జీల్లోనూ ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు కొందరు నాకు ఇస్త్రీకి చీరలు వేస్తారు. మూడు నెలలకొకసారి వాళ్ల చీర మడతలో చిన్న అట్టపెట్టె ఒకటి దూర్చి, పైన పాత పేపరు చుట్టి ఇస్తాను. ఎయిడ్స్ క్రిమి ఒంట్లో ఉందో లేదో ఎవరికి వారే ఇంట్లో చూసుకునే కిట్టు అది. ఈ వయసులో నాకిది పని అవుతుందనుకోలేదు.

వాళ్ల సంఘంలో పనిచేసే ఒకామె, తనూ ఒకప్పుడు అదే బతుకు బతికినామె, ఒకరోజు సంచి తెచ్చి బండి మీద పెట్టింది.

"తాతా, మా ఆఫీసుకు రమ్మంటే ఒకతీ రాదు. గడప తొక్కితే ఊరంతా చూస్తాదంట. చీరలకైతే నీ కాడికి ఎట్లాగూ వస్తాండారు గదా. ఇవి ఈడ పెట్టుకుంటావా?"

"నేనేమన్నా డాక్టర్నా?"

"డాక్టరువైతే నీ కాడికి ఎవరొస్తారు?" అని నవ్వింది.

నేను బడి మొగం చూడలేదు. బట్టలకు చుట్టే పేపర్ల మీదే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ సందులో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. కిట్టు పెట్టెలోనూ ఒక కాగితం ఉంది. చదివితే ఒళ్లు మండింది. ఆకూవక్కా నమిలే ఆడమనిషికి చెప్పాల్సిన మాటను పంతులుగారి పరీక్ష పేపరులా రాశారు. మీటింగులు పెడతారు, ఆ ఆడవాళ్ల చేతికి పెట్టెలిచ్చి ఫోటోలు తీస్తారు. వాళ్లకు అర్థమయ్యే తెలుగులో నాలుగు ముక్కలు రాయడానికి మాత్రం ఒక్కడికీ తీరిక లేదు.

అందుకని నేనే చెప్పాను. అరగంట ముందు నుంచి ఏమీ నమలొద్దు, తాగొద్దు. పెట్టెలోని పుల్లతో చిగుళ్లు పైనా కిందా తుడిచి, మందునీళ్ల బుడ్డిలో నిలబెట్టండి. ఇరవై నిమిషాలు ఆగి చూడండి. పుల్ల మీద ఒక గీతైతే మంచిది, మూడు నెలలకు మళ్లీ చూసుకోవాలి. రెండైతే ఆసుపత్రి. కాగితంలో ఇంకో వాక్యం ఉంది. నలభై నిమిషాలు దాటాక కనబడేదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని. అది చెప్పలేదు. ఇరవై నిమిషాలు ఆగడమే కష్టం, ప్రాణం కొట్టుకుంటూ ఉంటే అంతసేపు చూడకుండా ఎవరుంటారనుకున్నాను.

నా దగ్గర పాత ట్రంకుపెట్టెలో పసుపురంగు చీర ఒకటి ఉంది. ఈ రోగానికి మందు లేని కాలంలో మా సందులోనే ఒకామె ఇస్త్రీకిచ్చింది. ఆమెకు ఫలానా రోగమని తెలిసిన రోజు ఇంటి యజమాని ఆమె గిన్నెలూ చాపా కాలవలోకి విసిరేశాడు. ఎవరూ అడ్డం పోలేదు. నేనూ పోలేదు. ఆ చీర కోసం ఆమె మళ్లీ రాలేదు. ఇవాళ మాత్రలున్నాయి, వేసుకున్నవాళ్లు అందరిలాగే బతుకుతున్నారు. అయినా జనం మొగాలు మాత్రం ఆనాటివే.

ఇక అసలు సంగతి. నాకు చీరలు వేసేవాళ్లలో లింగాల పక్క పల్లె నుంచి వచ్చిన ఒకామె ఉంది. నలభై దాటి ఉంటాయి. కాపురం ప్రొద్దుటూరులో, పని పులివెందుల బస్టాండులో. కూతురు జమ్మలమడుగులో హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది. తల్లి బట్టల కొట్లో పనిచేస్తుందని ఆ పిల్ల అనుకుంటుంది. కూతురి దగ్గరికి పోయే ఆదివారాలకని ఆమెకు ఒక నేతచీర ఉంది. దాన్ని మిగతా చీరలతో కలవనిచ్చేది కాదు. విడిగా తెచ్చేది, గంజి పెట్టి విడిగా ఇమ్మనేది.

ఒక బుధవారం పొద్దున అన్ని చీరలూ ఒకే మూటగా తెచ్చి పడేసింది. నేతచీర కూడా అందులోనే.

"ఎవరికన్నా ఇచ్చెయ్ తాతా. నాకు పనిల్యా."

నా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. "ఏందిమే, ఏమైంది?"

"రెండు గీతలొచ్చినాయి."

"ఎప్పుడు చేసినావు?"

"నిన్న మద్యానం."

"చూసింది?"

"ఈపొద్దు."

"నిన్న చేసి ఈపొద్దు చూసేదేందిమే?"

"నిన్న మంగళవారం గదా! మంగళవారం పూట ఇంట్లో చెడ్డమాట ఇంటారా? బుడ్డిని అమ్మవారి పటం కాడ నిలబెట్టి, బొట్టు పెట్టి మొక్కుకుంటి. పొద్దున తలకు పోసుకోని చూసినా. ఇరవై నిమిషాలు ఆగమంటివి. నేను రేయంతా ఆగినా."

అద్దాలు పెట్టుకుని కాగితం తీశాను. ఆ వాక్యం అక్కడే ఉంది. దాని మీద వేలు పెట్టి, ఇది నేను నీకు చెప్పలేదని ఒప్పుకున్నాను. ఆమె నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

"అయితే ఉన్నట్టా, లేనట్టా?"

"అది చెప్పడం నా వల్ల కాదు పాపా."

సంఘం ఆమెకు ఫోను చేశాను. పరుగున వచ్చింది. ఇంకో పెట్టె ఇవ్వమని ఈమె చేయి చాపింది.

"గీత కనబడినాక ఇంకో పుల్ల తిప్పేది ల్యాక్కా. ఆసుపత్రిలో రక్తం చూపిచ్చల్ల. ఉంటే మాత్రలిస్తారు, ల్యాకుంటే ఇంటికొస్తావు."

"ఈడ నన్నెరగనోళ్లు ఎవరుండారు? పులివెందులలో అయితే బస్టాండు బస్టాండంతా ఎరుగుదురు. జమ్మలమడుగులో నా బిడ్డ ఉండాది."

"నీ బిడ్డ కాలేజీలో ఉంటాది. రక్తం గదిలో ఏం పని ఆ పిల్లకు?"

ఈమె మూటలోంచి నేతచీర లాగి నా ముందు వేసింది. "బిడ్డ ఎదురుపడినా పడతాది. ఇస్త్రీ చెయ్యి."

ముగ్గురం మైలవరం పోయే బస్సెక్కి దారిలో జమ్మలమడుగులో దిగాం. ఆసుపత్రిలో వాళ్లిద్దరూ లోపలికి పోయారు. నేను బయట సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. గోడ మీద అంటించిన కాగితాలు చదవకుండా కూర్చోవడం నా జన్మలో అదే మొదటిసారి.

మధ్యాహ్నం ఎప్పుడో ఆమె వచ్చి నా పక్కన కూలబడింది.

"ల్యాదంట." ఆ మాటతో పాటే ఏడుపు వచ్చింది. "నీ సదువు బూడిద గాను తాతా! పొద్దున్నుంచి సంపితివి గదా నన్ను!"

పడ్డాను. పడాల్సిన మాటే. మూడు నెలలకు మళ్లీ చూసుకోమన్నారని సంఘం ఆమె గుర్తుచేస్తే, "ఆ పుల్ల మొగం ఇంక సూడను" అంది. హాస్టలుకు పోయి వద్దామంటే ఏడ్చిన మొగంతో పోనంది.

అంతటితో పోలేదు. తాత పెట్టెలో అందరికీ రెండు గీతలే వస్తాయని బస్టాండులో మాట పుట్టింది. చీరలు వచ్చేవి, పెట్టె దూర్చబోతే వద్దనేవాళ్లు. సంచి రేకుల గదిలో పడి ఉంది. కాగితం రాసినవాడిని తిట్టుకుంటూ ఇన్నాళ్లూ పొద్దుపుచ్చాను. ఈ మారు తిట్టడానికి ఎదురుగా నేనే ఉన్నాను.

వినే ఓపిక ఉన్నవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పాను. గడియారం చూడటం రానివాళ్లకు కూడా నా పని తెలుసు. గంజిచీర ఒకటి ఇస్త్రీ చేయడానికి నాకు పది నిమిషాలు పడుతుంది. రెండు చీరల సేపు ఆగి చూడండి, నాలుగో చీర దాటితే ఆ పుల్లను చూడకుండా పారేయండి, కొత్తది ఇస్తాను అన్నాను. కొందరు తలూపారు. పెట్టె మాత్రం తీసుకోలేదు.

మూడు నెలలు దాటి పది రోజులైంది. ఆమె వస్తుందని నేననుకోలేదు. ఒక మధ్యాహ్నం రెండు గంజిచీరలు తెచ్చి బండి మీద వేసింది. ఒకటి నేతచీర.

"ఆకువక్క ఊంచి అరగంటైంది. నీ గదిలో కూచుంటా. పెట్టె ఇయ్యి."

"ఈ దినం మంగళవారం కాదు గదా?"

"కాదులే. నువ్వు పేపరు సదువుతా నిలబడాకు, చెయ్యి ఆడించు!"

తలుపు వేసుకుంది. కాసేపటికి "పెట్టినా" అని లోపల్నుంచి కేకేసింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గుల్ని అట్టతో విసిరి మొదటి చీర పరిచాను. నా చేతులు పూర్వంలా లేవు. ఎంత తొందరైనా అంచు దగ్గర నిదానంగానే పోయాను. రెండోది నేతచీర. దాన్ని మడిచి పెట్టి, "అయిందిమే, చూడు" అన్నాను.

లోపల బుడ్డి కదిలిన చప్పుడైంది.

"ఒకటే తాతా."

బయటికొచ్చి చీరలు చంకన పెట్టుకుంది. మళ్లీ మూడు నెలలకు రమ్మన్నాను.

"నేనొస్తా. అందాక నువ్వుండల్ల గదా, ముసలోడా" అని బస్టాండు వైపు పోయింది.