సుబ్బరత్నంగారి గుమ్మం ఎదుటి స్థలం

శ్రీమతి సుబ్బరత్నంగారి వయస్సు అరవై రెండేళ్లు. ఈ పరిచయం వ్రాస్తున్నవారు పక్కవీధి నివాసి; ఆమెను పదకొండేళ్లుగా ఎరుగుదురు.

ఆమె భర్త వెంకటసుబ్బారావుగారు విజయవాడ వన్ టౌన్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టులో గుమాస్తా. గోడౌన్ల మధ్య అద్దె వాటాలో ఏళ్లు వెళ్లదీసి, మైలవరం వెళ్లే దారిలో పొలాలు చదును చేసి వేసిన కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం నాటికి రోడ్డు లేదు, మురుగుకాలువ లేదు. వస్తాయన్నారు. సుబ్బరత్నంగారు గుమ్మానికి పసుపు రాసి, అవన్నీ వచ్చేసినట్టే సంబరపడ్డారు.

ఆ గుమ్మానికి ఎదురుగా కాలనీ ఉమ్మడి స్థలం ఖాళీగా ఉండేది. అందులో శ్మశానవాటిక కట్టడానికి పంచాయతీకి నిధులు వచ్చాయి. అభ్యంతరాలు వినడానికి సభ పెడితే, ముందుగా లేచింది సుబ్బరత్నంగారే.

"కొత్త ఇల్లండీ. తలుపు తీస్తే పాడె కనపడాలా? పార్కు వేయించండి."

"అదీ మాట! ప్లాట్ల రేటు కూడా పడిపోద్ది," అన్నారు కాలనీ సంఘం అధ్యక్షులు ఉదయభాస్కర్‌గారు.

"మరి ఎవరన్నా పోతే?" అని సభ పెట్టిన పంచాయతీ అధికారి అడిగారు.

"ఇప్పుడే గదండీ వచ్చాం, అప్పుడే పంపించేస్తారా!" అన్నారు సుబ్బరత్నంగారు.

సభంతా నవ్వింది. ఆమె కూడా నవ్వారు. అభ్యంతర పత్రం మీద మొదటి సంతకం ఆమెదే. పార్కుకు ఒక తోరణం, ఒక జారుడుబల్ల వచ్చేసరికి నిధులు అయిపోయాయి.

నిరుడు శ్రావణంలో, ముసురు పట్టిన రోజుల్లో, వెంకటసుబ్బారావుగారు గుండె ఆగి పోయారు. పక్కనున్న పాత ఊరి శ్మశానంలో చోటడగడానికి ఉదయభాస్కర్‌గారు ఆ ఊరి పెద్దకు ఫోను చేశారు. స్పీకరులో వచ్చిన జవాబును భర్త తలదగ్గర కూర్చున్న సుబ్బరత్నంగారు విన్నారు.

"మీ చోటు మీరే పార్కు చేసుకున్నారు గదండీ. ఉన్నది మావాళ్లకే చాలట్లా. ఇయ్యాల ఒకళ్లని రానిస్తే రేపు కాలనీ మొత్తం ఇటే వచ్చుద్ది."

విజయవాడ తీసుకువెళ్లక తప్పింది కాదు. వీధిలోకి వస్తే దిగబడుతుందని డ్రైవరు వ్యానును మెయిన్ రోడ్డు మీదే ఆపేశాడు. పాడెను బురదలో, ఆ తోరణం ముందునుంచే మోశారు. మోసేవారిలో ఒకరి కాలు జారింది. పాడె ఒరిగి, వెంకటసుబ్బారావుగారి ముఖం బురదకు తగిలింది. సుబ్బరత్నంగారు పరుగున వెళ్లి కొంగుతో తుడిచారు.

గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు పద్మావతమ్మగారు ఇదంతా చూశారు. ఆ సాయంత్రం ఒక్కటే అడిగారు.

"నన్నూ ఇట్టాగే మోసుకెళ్తారా, అమ్మాయ్?"



మొన్న మాఘంలో మళ్లీ సభ జరిగింది. ఆ స్థలంలో ఫంక్షన్ హాలు కట్టడానికి నిధులు వస్తాయన్నారు. సుబ్బరత్నంగారు లేచారు.

"హాలు వద్దండీ. అక్కడ శ్మశానమే కట్టండి."

"అది మీ గుమ్మం ఎదురేనమ్మా!" అన్నారు ఉదయభాస్కర్‌గారు.

"తెలుసండీ. అప్పుడు వద్దన్నదీ నేనే."

"మీ మేడమీద అద్దెకి ఒక్కళ్లు దిగరు, చూసుకోండి."

"దిగకపోతే మానె. మా అత్తగారిని బురదలో పడెయ్యలేను."

ఎవరూ బలపరచలేదు. మేడమీద అద్దెకున్నవారు మాత్రం నెల తిరక్కుండానే ఖాళీ చేశారు. ఇరుగుపొరుగు ఆమెను పేరంటానికి పిలవడం ముందే మానేశారు. ఇప్పుడు పలకరించడమూ మానేశారు.

పద్మావతమ్మగారికి ఎనభై ఏడేళ్లు. అన్నం సయించడం లేదు. కోడలు చెంచాతో పాలు పోస్తున్నారు.

కావున పంచాయతీ అధికారులవారు సదరు స్థలాన్ని తిరిగి శ్మశానవాటికకే కేటాయించి, పూర్తి నిధులు అందేదాకా ఆగకుండా, కనీసం మెరక తోలించి పైన రేకుల కప్పైనా తొలకరికి ముందే వేయించవలసిందిగా సుబ్బరత్నంగారి తరఫున సవినయంగా ప్రార్థించడమైనది. ఎదురింటి యజమానురాలిగా ఆమెకు ఎటువంటి అభ్యంతరమూ లేదు.