కూర్మమ్మ ఓలి

ఒకప్పుడు భావనపాడు చేపలవాళ్లలో పెళ్లంటే మగవాడి జేబుకే చిల్లు. పెద్దల ఎదుట పిల్ల తండ్రికి ఓలి డబ్బు చెల్లిస్తేనే పిల్ల ఇల్లు కదిలేది. కాపురం పొసగక ఆమె వచ్చేస్తే పుట్టింటివాళ్లు ఆ ఓలి తిరిగిచ్చేయాలి. ఇచ్చేదాకా ఆమె ఆ మొగుడి మనిషే, మారు మనువుకు వీల్లేదు. ఇప్పుడంతా తిరగబడింది. మొన్న కూర్మమ్మ అన్న మనవడు వినోద్ పెళ్లికి రెండు లక్షలూ మోటారు సైకిలూ ఆడపిల్లవాళ్ల నుంచే వచ్చాయి. డబ్బు ఎటు నడిచినా, పిల్లను అడిగిన నాథుడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

కూర్మమ్మ ఓలి నూట పదహార్లు. పదిహేడేళ్లకు బారువలో ఎల్లాజీ ఇంటికి కాపురానికి వెళ్లింది. అతను తాగొచ్చి తెడ్డుతో కొడుతుంటే ఏడాది తిరక్కుండానే అన్న ఎర్రన్న పంచన చేరింది. ఎండుచేపల గంప నెత్తికెత్తుకుని టెక్కలి సంతకు నడిచేది. తెచ్చిన డబ్బు వదిన బుజ్జమ్మ చేతిలో పోసేది. ఆ రోజుల్లోనే వలలల్లే గంగులు ఆమెను చేసుకుంటానని కబురు పెట్టాడు. నెమ్మదైన మనిషి, కూర్మమ్మకూ ఇష్టమే.

"ఓలి తీరనేదు కదరా. నూట పదహార్లు సాలవంట, ఎల్లాజీ అయిదొందలు అడగతన్నాడు," అన్నాడు ఎర్రన్న గంగులుతో.

ఆ కాలంలో అయిదొందలంటే మాటలా? గంగులు రెండేళ్లు కూడబెట్టి చూశాడు, చేతకాక వేరే పిల్లను చేసుకున్నాడు. ఆ తర్వాత ఓలి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎవరి కోసం తీర్చుకోవాలో కూర్మమ్మకూ తెలియలేదు.

నలభై ఏళ్లు గడిచాయి. ఎర్రన్న పోయాడు. రెండువేల పదమూడు ఎండాకాలంలో, ఎల్లాజీ మంచం పట్టాడనీ నేడో రేపో అన్నట్టున్నాడనీ కబురొచ్చింది. అతను పోతే కూర్మమ్మ గాజులు పగలగొట్టాలి. మొగుడి సుఖం ఏనాడూ ఎరగదు, మొగుడి చావు మాత్రం తన నెత్తిన పడుతుందా? ఆమెకు ఒళ్లు మండింది. అయిదొందల నోటు కొంగున ముడేసుకుని, రెండు బస్సులు మారి బారువ వెళ్లింది.

ఎల్లాజీ ఎముకల గూడయ్యాడు కానీ చూపు తేటగానే ఉంది. ఆమె నోటు తీసి మంచం మీద పెట్టింది.

"ఇదేటి?"

"నా ఓలి. తీసుకో. నీకూ నాకూ సరి."

అతను చాలాసేపు దగ్గి, "నీకు మతిపోనాదేటి? నువ్వెల్లిపోయిన ఏడే మీ అన్న వచ్చినాడు. మా ఊరి పెద్దల కాడ నూట పదహార్లూ ఎట్టీసినాడు. ఆ డబ్బులే ఓలిగా ఇచ్చి కదా దీన్ని తెచ్చుకున్నాను," అన్నాడు, గుమ్మంలో నిలబడ్డ రెండో భార్యను చూపిస్తూ. ఆమె అవునన్నట్టు తలూపి, మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్లింది.

కూర్మమ్మ మజ్జిగ కోసం ఆగలేదు. గాజుల బెంగ తీరింది. దాని బదులు తెలుసుకున్న సంగతి మోయడానికి ఏ గంపా చాలదు. పద్దెనిమిదేళ్లప్పుడే తను విడుదలైన మనిషి. ఆ ముక్క అన్నకు తెలుసు, ఆమెకు తెలియదు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే, ఎవరైనా వచ్చి కూర్చుంటే బాగుండునని దారి పొడుగునా అనిపించింది. ఎవరూ కూర్చోలేదు.

ఇంటికొచ్చేసరికి బుజ్జమ్మ అన్నం పెట్టింది.

"నీకు తెల్సా, వదినా?" అంది కూర్మమ్మ. "అన్న నా ఓలి అప్పుడే ఇచ్చీసినాడంట."

బుజ్జమ్మ గరిటెతో పులుసు కలిపింది. "తెల్సు," అంది. "నలుగురు పిల్లలు. మీ అన్న ఏటకెల్తే సేప దొరికిన్రోజు దొరికేది, దొరకన్రోజు నేదు. నువ్వు గంగులుతోటి ఎల్లిపోతే గంప ఎవులెత్తుతారు సెప్పు?"

ఆ మాటలో బుజ్జమ్మకు తప్పేమీ కనబడలేదు. ఇంకొంచెం పులుసు పోసింది.

కోపం వస్తే లేచి వెళ్లిపోవడానికి మనిషికి ఇంకో ఇల్లు ఉండాలి. కూర్మమ్మ కంచం దగ్గరకు లాక్కుంది.