రాయని పెన్ను రాసిన మాట

గురుబరపల్లి కొండప్ప హోసూరులోని ఇంజిన్ల కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేసి వచ్చాక, హైవే పక్కనున్న తన ఇంటి ముందుగదిలో ఇంకు పెన్నుల మ్యూజియం పెట్టాడు. చూడటానికని వచ్చేవారు తక్కువ, బస్సు కోసం నిలబడి ఎండకు తాళలేక లోపలికి వచ్చేవారే ఎక్కువ. వారిలోనూ కొందరు, "అప్పా, బాల్‌పెన్ను ఉంటే ఇస్తావా?" అని అడిగి ఆయన మనసు నొప్పించేవారు.

అయినా ఆయన గర్వమంతా గోడమీది బోర్డులో ఉంది: 'ఇక్కడ ప్రతి పెన్నూ రాస్తుంది.' రాయని పెన్నులు పెట్టుకుంటే దాన్ని మ్యూజియం అనరనీ, పాతసామాన్ల అంగడి అంటారనీ ఆయన సిద్ధాంతం.

ఆ గది మీద తమ్ముడు మునెప్పకు కన్నుంది. గది ఉమ్మడిది, మామిడికాయల క్రేట్లకు అంతకన్నా మంచి చోటు లేదని అతని వాదం. చివరికి కొండప్ప భార్య మంజులమ్మ ఎదుట అన్నదమ్ములు ఒక ఒప్పందానికి వచ్చారు. మునెప్ప ఎప్పుడైనా వచ్చి, ఏ పెన్నైనా తీసి రాసి చూడవచ్చు. ఒక్కటి రాయకపోయినా గది క్రేట్లపాలు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. యంత్రాలకూ ఆటోలకూ జరిగే మర్యాద పెన్నులకు మాత్రం ఎందుకు జరగకూడదని కొండప్పకు తోచింది. ఇంకు వంపేసి పెన్నులన్నీ కడిగాడు, గంధం పూసి కుంకుమ పెట్టాడు. బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే ఘట్టం మిగిలింది. పెన్నుకు చక్రాలు లేవు. తీవ్రంగా ఆలోచించి, ఒక్కొక్క పాళీని ఒక్కొక్క నిమ్మకాయలో దిగగుచ్చాడు.

"నిమ్మకాయలన్నీ నీ పెన్నులకే అయిపాయ. ఇంక ఊరగాయ యాడ పెట్టేది?" అంది మంజులమ్మ.

"రాసీ రాసీ బండ్లకన్నా ఎక్కువ దూరం పోయినాయమ్మా ఇవి!" అన్నాడు కొండప్ప.

మరునాడు ఆయన ఇంకు సీసా మూత తియ్యకముందే మునెప్ప దిగాడు.

"అన్నా, వచ్చినాను." ఒక నల్లపెన్నును నిమ్మకాయలోంచి పెరికి కాగితం మీద గీశాడు. ఏమీ పడలేదు.

"ఇంకా ఇంకు పొయ్యలేదప్పా!"

"బోర్డులో ఆ మాట ఉందా?" మునెప్ప హుషారెక్కి, అదే పెన్నుతో ఏదో రాసి, బ్యాంకులో చేసినట్టు సంతకం కూడా చేశాడు. కాగితం తెల్లగానే ఉంది. "క్రేట్లు తెస్తాండా."

కొండప్ప స్టూలు మీద కూలబడ్డాడు. బోర్డు వంక చూసే ధైర్యం కూడా ఆయనకు లేకపోయింది.

మంజులమ్మ కాగితం తీసుకుని తడిమి చూసింది. "ఉండు మునెప్పా. తడి తగులుతా ఉంది. తడి ఉందంటే ఏదో పడినట్టే గదా?" అంటూ వంటింట్లోకి వెళ్లి, కాలుతున్న దోసె పెనానికి ఎగువన కాగితాన్ని పట్టింది. అన్నదమ్ములిద్దరూ వెంటవెళ్లారు. నిమ్మరసం మెల్లగా గోధుమరంగు తిరిగింది. అక్షరాలు తేలాయి:

'ఈ పెన్ను రాయదు. ఇట్లు, మునెప్ప.'



"ఇది నేను రాయలేదు వదినా," అన్నాడు మునెప్ప.

"అయితే పెన్నే రాసిందా?"

ఏ జవాబు చెప్పినా గది పోతుందని గ్రహించి, మునెప్ప గడప దాటి చెప్పులు వేసుకున్నాడు.

ఆ కాగితం ఇప్పుడు అద్దాల చట్రంలో, బోర్డు కిందనే ఉంది. ప్రతి ఉదయం తప్పకుండా వచ్చే సందర్శకుడు కూడా మ్యూజియానికి దొరికాడు.

"తీసెయ్యన్నా, ఊర్లో పరువు పోతా ఉంది."

"చెప్పులు బయట విడిచి రాప్పా, మాట్లాడుకుందాం," అంటాడు కొండప్ప, పెన్నులో ఇంకు పోసుకుంటూ.