సాక్ష్యం చెప్పే వేళ

ఆ చర్చి సంఘంలో ఆడవాళ్లు ఇద్దరిద్దరు జతకట్టి, తమ తప్పులు ఒకరికొకరు చెప్పుకొని దిద్దుకుంటారు. మంచాన పడ్డ అత్తమీద విసుగులో ఓసారి చెయ్యి చేసుకున్నానని దర్జీ అక్క తన జత అయిన సంఘపెద్ద భార్యకు చెప్పుకొని ఏడ్చింది. ఆదివారానికల్లా ఆ మహాతల్లి నిండు చర్చిలో లేచి, "మన దర్జీ అక్క అత్తగారిని కొడుతోంది, ఆమె కోసం ప్రార్థించండమ్మా" అంది. అక్కకు తల కొట్టేసినట్టయింది.

ఈ ఏడాది ఉపవాస దినాలు ముగిశాక, అందరిచేతా ఉపవాసం చేయించిన ఆవిడే జాకెట్లు వదులు చేయించుకోవడానికి వచ్చింది. అక్క టేపు చుట్టి, కొలత చదివి, ఆమె మొహంలోకి చూసింది.

"చాటుగా తిన్నాను అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా, ఎవరితోనూ అనకు."

"నేనెందుకంటానమ్మా? మీలా ప్రార్థన చేయించడం నాకు చేతకాదుగా!"

అప్పట్నుంచి ప్రతి ఆదివారం, ఎవరైనా లేచి దేవుని మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళకు అక్క లేస్తుంది. నింపాదిగా కళ్లజోడు తుడుచుకుంటుంది. ముందు వరుసలో సంఘపెద్ద భార్య మొహాన నెత్తురు చుక్క ఉండదు. ఆ మొహాన్ని కరువుతీరా చూసుకున్నాక, "దేవునికి స్తోత్రం" అని మాత్రమే చెప్పి అక్క కూర్చుంటుంది.

రేపు దేవుడు లెక్క అడిగితే జవాబు సిద్ధంగానే ఉంది: "ఎవరితోనూ ఒక్క మాట అనలేదు ప్రభువా." మరి వారం వారం ఎందుకు లేచావని ఆయన అడక్కుండా ఉంటే చాలు.