సైటుకు ఆయం

బెంగళూరులో సైటు అంటే ఇంటి స్థలం. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్న నాకు ఆ సంగతి తెలియక కాదు, వెబ్‌సైట్ల దగ్గర గుర్తు రాలేదు, అంతే.

అప్పటికి సరదాకి మూడు వెబ్‌సైట్లు చేసుకున్నాను. మా వీధిలో బస్సులు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తాయో రాసిపెట్టే సైటు వాటిలో కాస్త పేరున్నది. రోజుకు ఇద్దరు చూసేవారు. "ఒకరు మీరే కదా, ఆ రెండోవారెవరో కనుక్కోండి" అనేది మా ఆవిడ.

బయటివాళ్లకు చేసిన మొదటి పని చందాపురలో ఇళ్లు కట్టే ఒక మేస్త్రీది. ఆయన కట్టిన ఇళ్ల ఫొటోలన్నీ పెట్టి, నెల రోజులు కూర్చుని చేశాను. ఆయన సరేనంటే ఇక నేను నలుగురికీ సైట్లు చేసేవాడిని. కాదంటే మళ్లీ బస్సుల లెక్కే.

పేజీని ఆయన ఫోనులోనే చూపించాను. పైకీ కిందికీ జరిపి చూశాడు.

"బాగుండాది. ఆయం చూసినావా?"

"దీనికి ఆయమేమిటన్నా?"

"సైటు అంటివి గదప్పా! ఆయం చూడకుండా యాడన్నా ఓపెన్ చేస్తారా? జనం వస్తారు, నిలబడరు."

నా బస్సుల సైటు పరిస్థితి సరిగ్గా అదే కాబట్టి ఎలా చూడాలో అడిగాను. ఆ వాస్తు లెక్క ఆయనే నేర్పాడు. పొడవును వెడల్పుతో గుణించి ఎనిమిదితో భాగించాలి. బేసి సంఖ్య మిగిలితే మంచిది. ఒకటి మిగిలితే మరీ మంచిది, అది జెండా. ఏమీ మిగలకపోతే కాకి, అసలు పనికిరాదు.

ఆయన ఫోను తెర 360 పిక్సెళ్ల వెడల్పు, 640 ఎత్తు. నోటితోనే భాగించాను. శేషం సున్నా. నా ల్యాప్‌టాప్‌ది 1920, 1080. అదీ సున్నా. కంప్యూటర్ల లోకమంతా కాకి మీదే నడుస్తోందని ఆ రోజే తెలిసింది.

"చూసేది సైటుకు గాదప్పా, కట్టేదానికి. సుత్తూ జాగా ఇడువు. తూర్పు, ఉత్తరం ఎక్కువ ఇడవల్ల."

మ్యాపులో లాగా పైభాగం ఉత్తరమనుకున్నాం. ఇంటికి వచ్చి కుడివైపు ఎనిమిది, ఎడమవైపు ఏడు, పైన ఇరవై, కింద పందొమ్మిది వదిలాను. మిగిలింది 345, 601. శేషం ఒకటి. జెండా! చిత్రమేమిటంటే, చుట్టూ ఖాళీ వదిలాక పేజీ నిజంగానే అందంగా కనిపించింది.

మరునాడు తీసుకెళ్లాను. ఆయన మురిసిపోయి, ఒక ఇంటి ఫొటో పెద్దగా చూద్దామని ఫోనును అడ్డంగా తిప్పాడు. పేజీ కూడా తిరిగింది.

"ఇప్పుడెంతప్పా?"

నేను ఊహించని ప్రశ్న. నిలువుగా ఉన్నప్పుడు లేని అడ్రసు పట్టీ ఒకటి అడ్డం తిప్పగానే పైన వచ్చి 45 పిక్సెళ్లు తినేసింది. మిగిలింది 625, 276. రెండుసార్లు భాగించాను. ఒకటి అనేస్తే సరిపోయేది, ఆయన సరిచూసుకోడు. కానీ తప్పు లెక్క చెప్పడానికి నోరు రాలేదు.

"నాలుగన్నా."

"నాలుగా? నాలుగంటే కుక్క."

ఫోనును నిలబెట్టాడు, పడుకోబెట్టాడు, మళ్లీ నిలబెట్టాడు. నా నెల రోజుల పని ఆయన చేతిలో అటూ ఇటూ పొర్లుతోంది.

"నిలబడితే జెండా, పండుకుంటే కుక్క" అన్నాడు చివరికి. "పండుకున్నప్పుడు కాపలా ఉండల్ల గదా? ఓపెన్ చేయప్పా!"

అక్కడే కూర్చుని ఓపెన్ చేశాను. ఆయన బండి ఎక్కుతూ వెనక్కి తిరిగాడు.

"మా బామ్మర్దికీ ఒకటి గావల్లంట. కార్నర్ సైటు ఉంటే చూడు."

చూస్తానన్నాను.