ఆదివారం సెలవు

సింగపూర్‌లో నేను పట్టుబట్టి సాధించుకున్నది ఏదైనా ఉందంటే అది ఆదివారం సెలవే. మా పెయింటింగ్ పనిలో ఆదివారాలు కూడా డ్యూటీ వేస్తారు. దేవుడి తరువాతే నాకు ఏదైనా అని చేరిన రోజునే బాస్‌కు చెప్పేశాను. లిటిల్ ఇండియాలో ఒక మేడమీద గదిలో మా తెలుగువాళ్ల ఆరాధన జరుగుతుంది. అక్కడ పాట ఎత్తుకునేది నేనే. ఆ సంగతి పదిమందికీ చెప్పుకొని మురిసిపోయేవాణ్ణి కూడా.

బుకిట్ బటోక్‌లో ఒక బ్లాకుకు రంగులు వేస్తుండగా, నా కళ్లముందే తమ్ముడు నిచ్చెన మీదనుంచి పడ్డాడు. సొంత తమ్ముడు కాదు, మా గోదావరి వైపువాడు. ఆరాధనకు అతన్ని అలవాటు చేసింది నేనే. నిచ్చెన కాలు ఒకటి వదులుగా ఉందని ముందురోజే ఇద్దరం చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదు. అతని కుడి మణికట్టు విరిగింది.

మర్నాడు బాస్ నన్ను పక్కకు పిలిచాడు. తమ్ముడు మేముండే డార్మిటరీ మెట్ల మీద జారిపడ్డాడని రాస్తున్నామనీ, కార్మిక శాఖ ఆఫీసరు వచ్చి అడిగితే నేనేమీ చూడలేదంటే చాలనీ అన్నాడు. నా ఆదివారాల జోలికి ఎవరూ రారని కూడా అన్నాడు. సైటులో పడ్డాడంటే వైద్యం, పరిహారం కంపెనీయే ఇవ్వాలి. మెట్ల మీదంటే అతనికి ఏమీ రాదు. అది నాకు బాగా తెలుసు.

ఆఫీసరు అడిగాడు. చూడలేదన్నాను. చూశాను అని ఒక్క మాట అంటే అయిపోయేది.

ఉద్యోగం కోసం అబద్ధమాడి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదేమో. దేవుడి పని ఆగకూడదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ ఎవరెవరినో అనేది. ఇంట్లోనే ఒకడు తయారవుతున్నాడని ఆమెకేం తెలుసు!

కంపెనీ ఊరికి పంపేసే ముందు ఆదివారం తమ్ముడు ఆరాధనకు వచ్చాడు. అతని కోసం చాలాసేపు ప్రార్థించాను, ఏడ్చాను కూడా. అవి దొంగ ఏడుపులు కావు. అదే ఇంకా ఘోరం. అయ్యాక అతను నాకు ఎడమ చెయ్యి అందించాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు.

"దేవుడికి మనం సెప్పక్కర్లేదు కదన్నా, ఆయన సూత్తానే ఉన్నాడు. ఆ ఆఫీసరుకే తెలీదు," అన్నాడు.

కోపంగా అనలేదు. అందరికీ వందనాలు చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నాకిప్పటికీ ఆదివారం సెలవే. పాట ఎత్తుకోమని అడిగితే మాత్రం గొంతు పట్టేసిందంటాను. అదీ అబద్ధమే.